తలా పిడికెడు

టీవీలో ఛైర్మన్ వంగాడు.
నడుము దగ్గర సరిగ్గా తొంభై డిగ్రీలు,
కొలబద్ద పెట్టి మడిచినట్టు.
కెమెరాలు వడగళ్ళలా రాలాయి.
గరిటె చేతిలో అలాగే పట్టుకుని లెక్కపెట్టాను:
మూడు సెకన్లు.
లేచాడు. టై సర్దుకున్నాడు.

ఆ పూట మా కొట్లో పదకొండు మంది.
పంది ఎముకల చారు పొగలు కక్కుతోంది,
ఎవరూ చెంచా ముట్టలేదు.
"నాలుగు లక్షల కోట్ల వొన్‌లట, సర్కారు బ్యాంకు ఇస్తుందట."
"ఎన్ని సున్నాలు?" అంది బ్యోన్ సున్‌నే.
ఓడల పొట్టలకు రంగు వేసే మనిషి,
గోళ్ళ సందుల్లో ఎరుపు ఎన్నటికీ పోదు.
పది వేళ్ళూ మడిచింది, చాల్లేదు,
నావి రెండు అరువు తీసుకుంది.

సియోల్‌లో విచారణ సాగుతోంది.
చమురు ధర పడిపోయింది, అన్నాడు ఛైర్మన్.
ఇచ్చిన కాగితాలే చూశాం, అన్నారు లెక్కలు చూసినవాళ్ళు.
ఆ లెక్కల్నే నమ్మాం, అంది బ్యాంకు.
నేనొచ్చింది నిన్నగాక మొన్న, అన్నారు మంత్రిగారు.
కళ్ళద్దాల పండితుడొకడు
జీతం పెంచమన్న యూనియన్ వైపు వేలు చూపించాడు.
తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ
అక్కడ పిడికిళ్ళన్నీ మూసే ఉన్నాయి.
తెరవమని అడిగేవాడు లేడు.

రేవులో ఒక ఓడ ఉంది,
సముద్రం అడుగు తవ్వే ఓడ.
కట్టమన్నవాడు తీసుకుపోవడానికి రాలేదు.
రెండేళ్ళుగా రాత్రంతా దీపాలు వెలుగుతూనే ఉంటాయి,
పెళ్ళివారు దిగని విడిదింట్లోలా.
దాన్ని పుస్తకాల్లో లాభం అని రాశారట.
నేనైతే బాకీ అని రాసేదాన్ని.
చదువుకోనిదాన్ని కదా.

నా అప్పుల పుస్తకంలో
ఓక్ జుంగ్‌తే పేరు మీద నలభై ఏడు గిన్నెలు.
ఈ దీవి మట్టిలో పుట్టిన ఇంటిపేరు అతనిది.
ఇరవై రెండేళ్ళు, ఓడ అడుగు పలకల మధ్య
మోకాలెత్తు చీకటి గదుల్లో
దూరి, వంగి, అతుకులు వేశాడు.
కాంట్రాక్టు మనిషి. నీలం బ్యాడ్జీ కాదు, పసుపు.
కాపాడవలసినవాళ్ళ జాబితాలో
పసుపుకు గడి లేదు.
అతను వంగినన్నాళ్ళూ ఒక్క కెమెరా రాలేదు.
ఇప్పుడు నిటారుగా నిలబడమన్నా నిలబడలేడు.

మరి నేనో?
ఓడలు వరస కట్టిన ఏడాది
గిన్నెకు వెయ్యి వొన్‌లు పెంచాను.
అప్పు చేసి పై అంతస్తు వేశాను.
నష్టానికే ఆర్డర్లు పట్టేస్తున్నారు, ఇది నిలవదు అని
ఆఫీసు గుమాస్తా ఒకడు ఈ బల్ల మీదే తాగి ఏడ్చాడు.
ఇంకో సీసా పెట్టాను, బిల్లులో కలిపాను.
ఎవరికీ చెప్పలేదు.
నేను చెబితే వినేదెవరు అనుకున్నాను.
ఇదిగో నా పిడికిలి. తెరిచే పెట్టాను.

మూసెయ్యమంటావా అయితే, అని అడుగుతారు.
వద్దు.
సైరన్ మోగకపోతే ఈ ఊరికి తెల్లవారడం చేతకాదు.
ఇవ్వండి డబ్బు. ఎలాగూ అది మాదే,
ప్రతి గిన్నె మీదా పన్ను కట్టాను.
కానీ ఒక్కమాట.
జుంగ్‌తే అతుకు వేసిన ప్రతిచోటా
పక్కనే తన నంబరు సుద్దతో రాయాలి.
రేపు పగిలితే ఎవరిదో తెలియొద్దా, అంటారు.
వెంట్రుకంత సందుకు నంబరుంది.
పన్నెండు సున్నాల సందుకు లేదు.

రాత్రి కొట్టు కట్టేసే వేళకి జుంగ్‌తే వచ్చాడు.
డబ్బు తేలేదు, పీట తెచ్చాడు,
తుక్కు ఇనుముతో చేసింది.
పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నానని
ఎప్పుడో అన్నానట.
తిరగేసి చూశాను.
అతుకు పక్కన అతని నంబరు.
సుద్దతో కాదు, ఈసారి చెక్కాడు.
"పగిలితే చెప్పు," అన్నాడు.

గడప దగ్గర బూట్లు తొడుక్కోవడానికి
గోడ పట్టుకుని వంగాడు.
లెక్కపెట్టలేదు నేను.
లోపల ఎసరు పొంగుతోంటే వెళ్ళి మంట తగ్గించాను,
తిరిగొచ్చేసరికి
ఇంకా రెండో బూటు దగ్గరే ఉన్నాడు.