ముడి పడ్డాక

రాత్రి పదకొండున్నర. గుంటూరు మిర్చి యార్డులో
తుమ్మని మనిషి లేడు.
కాటా ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుని కదలడం లేదు.
"చంపెయ్యవయ్యా దాన్ని," అన్నాడు చుండూరివారి గుమాస్తా
గోడమీద దోమని చూపించినంత తేలిగ్గా.
చంపేశాను.
ఒక్క మీట. తెర తేటపడింది.

తెల్లారి చూస్తే
నలభై రెండు టిక్కీలు ఎవరివీ కావు.
ప్రత్తిపాడు రైతు పద్దులోంచి తీసేసింది,
కోల్డ్ స్టోరేజీ పద్దులో ఇంకా వెయ్యలేదు,
ఆ రెండు గీతల మధ్య నేను దాని పీక నొక్కాను.
పోతూ పోతూ చిట్టాగది తాళంచెవి
మొలకి కట్టుకునే పోయింది.
వెనకొచ్చిన థ్రెడ్లన్నీ తలుపు ముందు
వరసగా, మర్యాదగా నిలబడి ఉన్నాయి
లోపల ఎవరూ లేరని
ఏ ఒక్కదానికీ తెలియక.

థ్రెడ్ అంటే దారమేగా.
షెడ్డు చివర నాగుల్‌మీరా గోతాం మూతి కుడుతున్నాడు.
దబ్బనం దిగుతోంది, లేస్తోంది,
పురికొస ఎర్రదుమ్ము తాగి బరువెక్కింది.
"మీరా!" ముఠామేస్త్రి కేక.
అతను తలెత్తలేదు. ఎడమచెయ్యి కాస్త లేపాడు, విన్నానన్నట్టు.
ఇంకో నాలుగు కుట్లు. ముడి. పురికొస పళ్ళతో కొరికి
దబ్బనం తలగుడ్డలో గుచ్చి
అప్పుడు లేచాడు.

మధ్యలో లేస్తే ఏమవుద్ది, అనడిగాను.
"ఏమవుద్ది సార్, కాయ కిందపడుద్ది.
దబ్బనం యాడుందో నాకే తెలవదు.
ఎనకొచ్చేవోడి కాల్లో దిగాక తెలుసుద్ది."

ఆ మధ్యాహ్నం చంపే వరస కొట్టేశాను.
చిన్న జెండా ఒకటి పాతాను.
ఒక్కో టిక్కీ అయ్యాక థ్రెడ్ అటు ఓసారి చూడాలి.
జెండా లేచి ఉంటే
పద్దు మూసి, తాళంచెవి మేక్కి తగిలించి
తన కాళ్ళమీద తనే బయటికి రావాలి.

గుమాస్తాకి నచ్చలేదు.
"ఆగమంటే ఆగదా?"
ఆగుద్దండీ. ముడి పడ్డాక.

అయినా ఒకటి ఒప్పుకోవాలి.
కాటా నుంచి రాని ఒక్క అంకె కోసం
అటే చెవులు పెట్టి కూర్చున్న థ్రెడ్
జెండా వైపు చూడదు,
చంపు అన్న మాటా దానికి వినపడదు.
నిన్న దానికి ముప్ఫై సెకన్ల గడువు రాశాను.
చూడాలి.

రాస్తుండగా తుమ్మొచ్చింది.
సగంలో ఆపబోయి ముక్కు పట్టుకున్నాను.
ఇప్పటికీ
కళ్ళనిండా నీళ్ళు.