సున్నం గీత

రాత్రి పదిన్నర.
గడియారం సెంటర్ల ఆఖరి చండూరు బస్సు
పోయి చాలాసేపైంది.
ల్యాబుల నేను, ఇంక్యుబేటర్ గురక,
గాజుపలక మీద నాలుగు వందల కణాలు.

హైదరాబాదు నుంచి సార్ తువాలల చుట్టి,
బస్సుల ఒళ్లో పెట్టుకొని తెచ్చిన పలక.
దానిమీద కంటికానని అచ్చులు:
కొన్ని గుండ్రం, కొన్ని చదరం,
కొన్ని మా ఇంటి లెక్క పొడుగు.
ఏ కణం ఎందుల దిగితే అందులనే ఒదుగుతది.
అన్నీ ఒక్క తల్లి పిల్లలే.
తిండి ఒక్కటే, వెచ్చదనం ఒక్కటే.
చోటే వేరు.

రంగు తాగిన కాల్షియం చీకట్ల పచ్చగ మెరుస్తది.
గుండ్రటి దాంట్ల అంచున పుట్టి లోపలికి ముడుచుకుంటది.
పొడుగు దాంట్ల ఈ కొసన లేచి
ఆ కొసకు ఉరుకుతది, విసిరిన నాడె లెక్క.
మరీ ఇరుకుల పడ్డది
మినుకు మినుకుమంటది గాని రెండు కాదు.
"ఆకారం మారితే కబురు మారుతున్నది" అని
నోటుబుక్కుల రాసుకున్న.
కింద సార్ ఎర్రపెన్ను: "ఎన్నింట్ల? లెక్క రాయి."

రాస్తున్న.

అమ్మ ముప్పై ఏండ్లు ఆసు పోసింది.
అరచందమామ మేకుల చుట్టు చెయ్యి
అటు, ఇటు, ఒక్క చీరకే వేల మాట్లు.
ఇప్పుడు అన్నం కలిపినా, ఈగను కొట్టినా
ఆమె భుజం అదే అరచందమామ గీస్తది.
డాక్టరు ఎక్స్‌రే చూసి
సున్నం తక్కువున్నదన్నడు.
అమ్మ నవ్వి, వక్కాకు సంచి తీసి చూపింది.

గట్టుప్పల్ల మా ఇల్లు
ఇరవై గజాల పొడుగు, నాలుగు గజాల అడ్డం.
పడుగు సాపనీకి కట్టిన, పండుకోనీకి కాదు
అనేటోడు తాత.
నాయిన, లచ్చయ్య చిన్నాయిన,
రెండు గుంతమగ్గాలు, ఒక్క పొయ్యి.
పంపకాల నాడు పెద్దమనుషులు
పొడుగునా గోడ పెట్టుమన్నరు,
ఇద్దరికి బజారు దిక్కు వాకిలొస్తదని.
మేస్త్రి ఖాజామియా బీడీ ఆర్పిండు.
"గట్ల చీరితే ఇల్లొస్తదా, రెండు సందులొస్తయి.
మగ్గం పట్టదు. రేపు పాడె తిరగదు."
డబ్బాల చెయ్యి పెట్టి పిడికెడు సున్నం తీసి
ఇంటికి అడ్డంగ, సరిగ్గ నడుమ
గీత పోసిండు.
పొడుగు కణం అడ్డంగనే తెగుతదని
ఆయనకు ఏ బడి చెప్పింది?

పన్నెండుంబావు.
మూడో వరుస, పొడుగు అచ్చు.
పట్టు విడుస్తున్నది.
కొసలను లోపలికి గుంజుకొని
నీటిబొట్టోలె గుండ్రమైతున్నది.
రెండయ్యే ముందు ఏదైనా ఇంతే,
అచ్చును మరిచినట్టే ఉంటది.
వెలుతురు తగ్గించి, లెన్సు మార్చి చూసిన.
మరవలె.
వెంట్రుకను వెయ్యి పాయలు చేస్తే ఒక పాయంత
సన్నటి పోగులు
పాత కొసలను పట్టుకొనే ఉన్నయి.
లోపల దారాలు ఎటు గుంజాలెనో
ఆ పోగులే చెప్తయట.

గోడ లేవంగ ముందు రాత్రి
ఒక్క పొయ్యి మీద ఆఖరి వంట.
పొడుగింట్ల ఎన్నడు తిన్నా వరుసగనే తిన్నం.
ఆ రాత్రి ఎవరు చెప్పకుంటనే
పదకొండు మందిమి గుండ్రంగ కూసున్నం.
చిన్నమ్మ నా పళ్లెంల
ఆమె కొడుక్కు వెయ్యవలసిన ముక్క వేసింది.
కుక్క ఒక్కటే చప్పుడు చేసింది.
మా పక్కపొంటి
సైకిల్ ట్యూబు పీలికలతోటి ముడులేసిన పడుగు,
ఇంకా రంగుల ముంచనిది,
నాయిన సగంలకెల్లి చిన్నాయిన సగంలకు
సున్నం గీత మీదికెల్లి సాగి ఉన్నది.
పొద్దుగాల ఖాజామియా వచ్చి చూసి
ఇటుకలు దించి కూసున్నడు.
చీర దిగేదాక, పదహారు రోజులు
గోడ ఆగింది.

నడుమ పచ్చటి మెరుపు.
నడుము సన్నబడుతున్నది.

మూడో వరుస, పొడుగు, అడ్డంగ: ఒకటి.
ఇంక మూడు వందల తొంభై తొమ్మిది.