నిమిషానికి యాభై చుక్కలు

రాత్రి పది.
చిన్న సీసా అడుగున తెల్లటి పొడి, ఒక గ్రాము,
గడప ముందు రాలిన ముగ్గుపిండంత.
సూదితో నీళ్ళు పట్టి
అరచేతుల మధ్య దొర్లిస్తాను. కుదిపితే నురగొస్తుంది.
ఉప్పునీళ్ళ బాటిల్లోకి ఎక్కించి, కొక్కేనికి తగిలిస్తే
నా పని అయిపోయినట్టే.
ఇక చెంగల్రాయుడి పని:
గంటన్నర కదలకుండా పడుకోవడం.

ఆ పనొక్కటే ఆయనకు చేతకాదు.

మదనపల్లెలో టమోటా ఎత్తి
తెల్లారేలోగా కోయంబేడులో దించే మనిషి.
"కాయ మనకోసం ఆగదు సిస్టరమ్మా,
పీలేరు దాటేసరికే అడుగు పెట్టె చెమ్మగిల్లతాది."
కమాన్ పట్టీ తెగి మోకాటి కింద గీరితే
పసుపద్ది గుడ్డ చుట్టి పదకొండు ట్రిప్పులు తోలాడు.
పన్నెండో ట్రిప్పులో ఎముక మాట్లాడింది.

ల్యాబు అద్దం కింద అవి
ఊదారంగు పట్టి, గుత్తులు గుత్తులుగా,
చూడ్డానికి ద్రాక్షపళ్ళే.
రెండు రకాల సూదులు వేశాం. లెక్కచేయలేదు.

పైపు మీద ఒక చిన్న తెల్ల చక్రం ఉంటుంది,
బొటనవేలికి సరిగ్గా సరిపోతుంది.
మూడో రాత్రి నేను పదో బెడ్డు దగ్గర బీపీ చూస్తుంటే
దాన్ని పైకి నెట్టేశాడు.
చక్రం కనిపిస్తే తిప్పకుండా ఉండలేని చెయ్యి!

పది నిమిషాలకు కేక.
మెడ, చెవులు, రొమ్ము
రోజూ తాను మోసే సరుకు రంగులోకి తిరిగి,
పెరుక్కుంటాడు, గోక్కుంటాడు, "మంటమ్మా" అంటాడు.
చక్రం మూసి, అవిల్ వేసి,
నాడి పట్టుకుని కూర్చున్నాను.
తిట్టాలనుకున్నవి చాలా ఉన్నాయి గానీ
ఒకటే అడిగాను:
"భాకరాపేట ఘాట్లో న్యూట్రల్ వేసి దిగతావా నువ్వు?"

"దిగను."

"మరి?"

పైకప్పు వైపు చూశాడు. ఫ్యాను తిరుగుతోంది.

కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్, గూడూరు పిల్ల,
మరునాడు కట్టు విప్పుతూ చెప్పింది.
ఈ మందు మొదట దొరికింది మట్టిలోనట.
సముద్రాల అవతల ఒక దీవి,
అడవిలో ఎవరో పొట్లం కట్టిన చిటికెడు మన్ను.
"మన్నుకెందుకమ్మా మందు చేసే పని?"
"అక్కడా గట్టు తగాదాలే పెద్దాయనా.
పక్కవాడు గోడ కడుతుంటే
ఇటుక మీద ఇటుక కూర్చోనివ్వని విద్య ఇది.
పొడవదు, నరకదు.
గోడ నిలవక వాడే పగిలిపోతాడు.
అందుకే ఇన్ని రోజులు."
ఆయన చాలాసేపు తన కాలినే చూశాడు,
లోపల ఎవరో ఇల్లు కట్టుకుంటున్న చప్పుడు
వినబడుతుందేమో అన్నట్టు.

గేరు వేసే ఎడమ చేతిలో నరాలు
రెండు వారాలకే మూసుకుపోయాయి.
స్టీరింగు చేతికి మారాం.
మూడు రోజులకోసారి మూత్రపిండాల లెక్క.
ఒకసారి అంకె పెరిగి రెండు పూటలు మందు ఆపితే
బాటిల్ లేని కొక్కెం వైపు చూసి
"బండికి లోడు రాలేదా ఈ పూట?" అన్నాడు.
ఆ లోడు లారీలో ఇంకొకడున్నాడని
వాడు అద్దం పగలగొట్టాడని
ఓనరు ఫోన్లో అరుస్తుంటే విని
"నిదానంగా తోలమను" అన్నాడు, ఇంకేం అనలేదు.

నలభై రెండో రాత్రి.
బాటిల్ ఖాళీ. చక్రం మూయడానికి వంగాను.
నా మణికట్టు మీద రెండు వేళ్ళు వేసి ఆపాడు.
"పైపులో ఇంకా జానెడుంది.
అదీ పోనీ."

సరే అని స్టూలు లాక్కున్నాను.
కిటికీలో కొండ.
ఘాటు మూసే వేళ, కిందికి వచ్చే ఆఖరి బస్సు
మలుపులో ఒకసారి ఎర్రగా వెలిగి ఆరింది.

"రెండో గేర్లో ఉండాడు" అన్నాడు చెంగల్రాయుడు.