గుర్రాల రంగులు

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
కిటికీ అవతల బొగ్గుపొగ పెరుగులా తోడుకుని ఉంది.
మైనస్ ముప్ఫై.
బయట పరిగెత్తేవాడు ఊపిరితో పాటు
ఒక పొయ్యిని కూడా మింగాలి.
అందుకని జనం మా రెండో అంతస్తుకి వస్తారు.
ఆరు ట్రెడ్‌మిల్లులు. ఐదే తిరుగుతాయి.

గొంబొసురెన్ వచ్చిన రోజు
ఫెల్ట్ బూట్లు గుమ్మం దగ్గర విప్పి
మేనల్లుడి పాత షూ తొడుక్కున్నాడు.
అరవై ఒకటి. క్రేన్ డ్రైవరు.
ముప్ఫై ఏళ్లు గాలిలో కూర్చున్న మోకాళ్లు.
నేను రిజిస్టర్లో పేరు రాసుకునేలోపే
ఎవరో తిరుగుతూ వదిలేసిన బెల్టు మీదికి
గుర్రమెక్కినట్టు ఒక్క ఉదుటున ఎక్కాడు.

అది అతన్ని తీసుకెళ్లి వెనక గోడకి అప్పగించింది.

మోచేతికి మందు రాస్తుంటే నవ్వాడు.
"ఆరేళ్లప్పుడు పందెంలో గుర్రం మీంచి పడ్డాను.
అది ఆగి, వెనక్కి తిరిగి చూసింది.
ఇది చూడలేదు."

చూడదు.
ముందు నేర్చుకోవలసింది అదే, అన్నాను.
మీరు అలిసిపోయారని దీనికి తెలీదు.

ఆగి ఉన్నప్పుడే ఎక్కండి.
పాదాలు రెండు అంచుల మీద.
ఈ ఎర్రతాడు క్లిప్పు చొక్కాకి,
జేబుకి కాదు, చొక్కాకి.
మీరు జారితే తాడు ఊడుతుంది,
తాడు ఊడితే ఇది ఆగుతుంది.
దీనికున్న జాలంతా
ఈ మూరెడు తాడులోనే ఉంది.

మొదటి ఐదు నిమిషాలు నడకే.
బిగుసుకున్న మోకాళ్లని పేరు పెట్టి పలకరించడానికి.
కిందికి చూడకండి,
చూస్తే పాదాలు సిగ్గుపడి తడబడతాయి.
"గుర్రం చెవుల మధ్య నుంచి చూడమనేవాడు మా నాన్న."
అదే.
ఇక్కడ చెవుల్లేవు, గోడకి సిమెంటు కంపెనీ క్యాలెండరుంది.
దాన్నే చూశాడు.

కడ్డీ పట్టుకుని పరిగెత్తితే
బరువు చేతులది, గొప్ప కాళ్లది.
"కళ్లేనికి వేలాడేవాణ్ణి గుర్రం లెక్కచెయ్యదు"
అని తనే అన్నాడు. వదిలాడు.
మళ్లీ పట్టుకున్నాడు.
ఫిబ్రవరిలో వదిలాడు.

ఎంత వేగం? అన్నాడొకసారి.
మాట తెగనంత.
ఏం మాట్లాడను?
మీకు బాగా తెలిసిందేదైనా.

అప్పుడు మొదలుపెట్టాడు గుర్రాల రంగులు:
కావి. తేనె. బూడిద. ఎండుగడ్డి.
నల్లతోక ఎరుపు. పొగచూరిన తెలుపు.
నుదుట చుక్కున్న గోధుమ. వాననీటి నీలం...
పదకొండో రంగు దగ్గర గొంతు తెగింది.
వేగం ఒక మెట్టు దించాను.
మొత్తం మూడు వందలట.
మార్చి చివరికి నలభై దాటాం.

అడుగుల చప్పుడు కూడా విన్నాను.
ధన్ ధన్ మంటే కాలు మరీ ముందుకి పడుతోందని.
పొట్టి అడుగులెయ్యండి, ఒంటి కిందే పడాలి,
కింద ఇంట్లో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు.
(నిజంగానే ఒకడున్నాడు. వాళ్లమ్మ రెండుసార్లు పైకొచ్చింది.)

ఒక సాయంత్రం పక్క బెల్టు మీద బిల్గూన్,
ఇరవై రెండేళ్లు, పద్నాలుగులో ఎగురుతున్నాడు.
నేను టవళ్లు మడతపెడుతున్నాను.
గొంబొసురెన్ మీట నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు.
రంగులు ఆగిపోయాయి.
గుర్తించేసరికి అతను బెల్టు చివర ఉన్నాడు,
చేతులు గాల్లో, నోరు తెరిచి,
అంతలో ఎర్రతాడు టక్కున ఊడి
మొత్తం నిశ్శబ్దం.

నిలబడే ఉన్నాడు.
తెగిన ఊపిరి మధ్య, ముక్కలు ముక్కలుగా అన్నాడు:
"ఈసారి... వెనక్కి తిరిగి... చూసింది."

నేను తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను.

తర్వాత ఐదు నిమిషాలు నడిచాడు, మెల్లగా.
పందెం అయిన గుర్రాన్ని నిలబెట్టేయకూడదట,
నడిపించాలి, చెక్కతో చెమట గీకాలి.
దిగి గుడ్డ తీసుకుని
మిషను మెడ తుడిచాడు, రెండు వైపులా.
మెట్లు దిగుతుంటే నేల ఇంకా కదులుతోందన్నాడు.
కాసేపు గోడ పట్టుకోండి, అన్నాను.

తొమ్మిదిన్నరకి అందరూ వెళ్లాక
క్లిప్పు చొక్కాకి పెట్టుకుని నేనెక్కాను.
ఊళ్లో పుట్టి ఊళ్లోనే పెరిగినదాన్ని,
ఏ గుర్రమూ ఎక్కలేదు.
కావి. తేనె. బూడిద. ఎండుగడ్డి.
నల్లతోక ఎరుపు.
నాకు గుర్తున్నవి అంతే.
ఊపిరి మాత్రం ఇంకా చాలా ఉంది.