సమోన్నత రేఖలు

దరఖాస్తులో వయసు గడి చిన్నది.
ముప్పై నాలుగు అని రాస్తే
నాలుగు కాస్త గీత దాటింది.
మోకాళ్ళకు చెప్పకుండానే సంతకం పెట్టేశాను.

ఇంటర్వ్యూ బల్లకు అవతల ముగ్గురు.
ఒకాయన నా డిగ్రీ కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు,
రెండిట్లో ఏది పాతదో తేల్చుకుంటున్నట్టు.
"ఇంత ఆలస్యంగా ఎందుకు?"
షానన్ నది పొంగిన చలికాలం గురించి చెప్పాను.
మా బడి వ్యాయామశాలలో పరుపులు పరిచాం,
లారీల్లోంచి ముసలివాళ్ళను దించుతున్నారు సైనికులు.
వరద మైదానం ఎలా ఏర్పడుతుందో
నేను నిద్రలో లేపినా చెప్పగలను.
ఆ రాత్రి ఎవరు ఏ పరుపు మీద పడుకోవాలో
చెప్పలేకపోయాను.
ఒక లెఫ్టినెంటు చెప్పింది, గొంతు పెంచకుండా.

కరా మైదానంలో గొర్రెలకు కవాతంటే లెక్కలేదు.
మేం ఎడమ కుడి ఓనమాలు దిద్దుతుంటే
వరసకు అడ్డంగా నిలబడి నెమరేస్తాయి.
ఆజ్ఞలన్నీ ఐరిష్‌లో.
బడిలో ఏళ్ళ తరబడి బట్టీపట్టి
పరీక్ష మర్నాడే మరిచిపోయిన భాష
ఇప్పుడు నేరుగా మడమల్లోకి దిగుతోంది,
అర్థం అడిగే వ్యవధి ఇవ్వకుండా.

నా గదిలో ఉండే ఈఫాకి పంతొమ్మిది.
నువ్వు పుట్టేనాటికి నేను హైస్కూల్లో ఉన్నానంటే
"అయ్యో" అంది, ఎవరో పోయినట్టు.
తను చటుక్కున లేచి బూట్లకు మెరుగు పెట్టేలోగా
నేను మంచం అంచున కూర్చుని
ఒంటికి హాజరు పిలుస్తాను.
నడుమూ? వచ్చింది.
ఎడమ మోకాలూ? వచ్చింది.
కుడి మోకాలూ?
కుడి మోకాలూ?

మొదటి రోజే, గేటు లోపల,
టోపీ కనుబొమ్మ మీదికి లాగి నిలబడ్డాడు
కార్పొరల్ టైర్నన్.
మా లాంగ్‌ఫర్డ్ బళ్ళో కిటికీ పక్క ఆఖరి బెంచీ.
సమోన్నత రేఖల పరీక్షలో ముప్పై ఒకటి వేశాను.
పక్కన ఎర్రసిరాతో, "కొండ ఎక్కడుందో నీకైనా తెలుసా?"
గుర్తుపట్టాడు.
పట్టనట్టే, నా కాలరు మడత మీద
అయిదు నిమిషాలు అరిచాడు.
నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది.
పదకొండేళ్ళుగా నన్నెవరూ దిద్దలేదు.

నవంబరు. విక్లో కొండలు.
అర్ధరాత్రి పొగమంచు, జేబులో తడిసిన రొట్టె,
నా వెనక ఏడుగురు పిల్లలు. కాదు, క్యాడెట్లు.
ఈ రాత్రికి దళం నాది.
నల్లబల్ల మీద కళ్ళు మూసుకుని గీసిన కొండలే ఇవి,
ఒక్క వంపు తప్పకుండా.
నడిపించాను.
గంటన్నర తర్వాత బురద
తొడల దాకా వచ్చి పలకరించింది.

చీకట్లోంచి టైర్నన్. ఈసారి కేక కాదు.
"ఎక్కడున్నారు, క్యాడెట్ మెక్‌గవర్న్?"
పటం మీద వేలు పెట్టాను. వేలు ఒకచోట నిలవలేదు.
పదకొండేళ్ళ పాఠం నాలుక చివర సిద్ధంగా ఉంది,
చెప్పేస్తే ఏడుగురూ నమ్మేస్తారు.
వాళ్ళ ఊపిరి నా మెడకు తగులుతోంది.
"తెలీదు" అన్నాను.
"దారి తప్పించింది నేనే. వెనక్కి, వాగు దాకా.
అక్కణ్ణించి మళ్ళీ అడుగులు లెక్కపెడదాం."

ఎర్ర టార్చి వెలుగులో ఏదో రాసుకున్నాడు.
ఎన్ని మార్కులో చూపించలేదు.
వాగు దాటుతున్నప్పుడు మాత్రం
నా మోచేతి కింద ఒక చెయ్యి.
"ఆ రాయి జారుతుంది, మిస్."

మిస్.
ఇద్దరం విన్నాం. ఇద్దరం దిద్దలేదు.

భుజం మీదికి హోదా రావడానికి ఇంకా తొమ్మిది నెలలు.
అప్పుడతను నాకు సెల్యూట్ చెయ్యాలి, నియమం.
బదులు చెయ్యెత్తడం
అద్దం ముందు సాధన చేస్తున్నాను, మోకాలికి ఐసు కట్టుకుని.
ఈఫా పక్క మీంచి చూసి నవ్వుతుంది.
"అది సెల్యూట్‌లా లేదు.
క్లాసులో సందేహం అడగడానికి
చెయ్యెత్తినట్టుంది."