ఆవాల దిండు

పాత నేత చీర చించి
రెండు గిద్దెల ఆవాలు పోసి
నాలుగు వైపులా కుట్టినాను దిండు,
మనవరాలి తల గుండ్రంగా రావాలని.
వలలు అల్లిన చేతులివి.
కుట్టు ఊడే మాటే లేదు.

కేజీహెచ్ నుంచి నాలుగో రోజు
ఆటో దిగినాది నా కోడలు రామతులసి,
గుంటని గుండెకి హత్తుకుని.
పెదజాలారిపేట సందులో ఎండుచేపల వాసన
ఆ చిన్న ముక్కుకి తగిలి తుమ్మినాది.
మన పిల్లేనని అందరం నవ్వినాం.

దిండు చూపించినాను.
"వద్దత్తా" అన్నాది కోడలు.
"సత్యవేణి సిస్టర్ మరీమరీ చెప్పినాది.
పక్కలో దిండు, బొంత, బొమ్మ ఏదీ ఉండకూడదంట.
వెల్లకిలానే పడుకోబెట్టాలంట,
పగలైనా రాత్రైనా, ప్రతి నిద్రకీ."

నాకు కోపమొచ్చినాది, అబద్ధమెందుకు.
నలుగురిని కన్నదాన్ని.
ముప్పై ఏళ్ళు బుట్ట నెత్తినెట్టుకుని
కంచరపాలెం దాకా చేపలమ్మినదాన్ని.
నాకు నేర్పుతాదా నిన్నటి పిల్ల?

తేనె నాకించబోతే చెయ్యి పట్టుకున్నాది.
వైశాఖం ఎండ, గొంతెండిపోద్దే,
రెండు చుక్కల నీళ్ళైనా అన్నాను.
"పాలల్లోనే నీళ్ళున్నాయత్తా,
ఆరు నెలలూ అవే."
ముర్రుపాలూ పట్టేసినాదంట, పుట్టిన గంటకే.
మేమైతే పచ్చగా ఉన్నాయని
మూడు రోజులు పిండి గోడవార పారబోసినాం.
ఆ గోడలెంత బలిసినాయో మరి.

కానీ మొదటి రాత్రి
రొమ్ము అందక గుంటా ఏడ్చినాది,
మొన చిట్లి తల్లీ ఏడ్చినాది.
ఇది నాకు తెలుసు.
ఉండవే, తొందరపడకు,
మేత కోసం చేప తెరిచినట్టు
నోరు బార్లా తెరవనీ, అప్పుడు దగ్గరికి లాక్కో.
మొన ఒక్కటే కాదు, చుట్టూ నలుపు కూడా లోపలికి పోవాలి.
గడ్డం రొమ్ముకి ఆనాలి, ముక్కుకి గాలాడాలి.
"సిస్టరూ ఇదే చెప్పినాది!"
కన్నీళ్ళతోనే నవ్వినాది కోడలు.
గుటక... గుటక...
ఆ చప్పుడు ముందు సముద్రం చిన్నబోయినాది.

మంచం చేసినోడు మల్లేసు, పడవల వడ్రంగి.
"పడవకైతే అడుగున వంపు పెడతాను,
దీనికి చదునుగా, గట్టిగా" అన్నాడు.
బిర్రుగా లాగి కట్టిన ఒక్క గుడ్డ, అంతే.
తల్లి చెయ్యి చాస్తే అందేంత దూరం.
మరీ బోసిగా ఉన్నాదే అని గొణుక్కున్నాను.

రెండో రాత్రి, హార్బర్లో ఓడ కూతేసిన వేళ
పాలిస్తూ పాలిస్తూనే మెడ వాల్చేసినాది రామతులసి.
గుంట ముక్కు చీర కుచ్చిళ్ళలోకి జారిపోతన్నాది.
ఎలా లేచినానో, ఎలా అందుకున్నానో.

నా రెండోవాడు.
ఇంకా పేరు పెట్టలేదు.
వేట నుంచొచ్చి ఒళ్ళు తెలీకుండా పడుకున్న ఆయనకీ నాకూ మధ్య
చలి కదా అని బొంత కప్పి పడుకోబెట్టినాను.
తెల్లారి లేవలేదు.
దిష్టన్నారు. గాలన్నారు. పాలు పొరబోయినాయన్నారు.
ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు.
తెలీకపోవడం ఎంత బరువో
బుట్టలు మోసినదాన్ని, నేను చెప్పగలను.

గుంటని మల్లేసు మంచంలో వేసినాను.
వెల్లకిలా. ఒక్కర్తినే.
రెండు చేతులూ పైకెత్తి పడుకున్నాది,
వల విసిరేసొచ్చినోడిలాగ.
నేను తెల్లార్లూ ఆ పొట్ట ఎగసి పడడం చూస్తా కూర్చున్నాను.

ఇప్పుడు మా ఇద్దరికీ ఒక ఒప్పందం.
ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు ఆ పిల్ల పాలిస్తాది.
రాత్రి నేను పక్కన కూర్చుంటాను,
కళ్ళు మూతపడితే చిటికేస్తాను.
పొద్దున్నే తాడు మీద తడిగుడ్డలు లెక్కెడతాను.
ఆరు, ఏడు. నిండినాది కడుపు.

నిన్న దిండు విప్పినాను.
నా కుట్టు నేనే పళ్ళతో కొరకాల్సొచ్చినాది.
బాలింతకి మిరియాల చారు,
పోపులో చిటపటమన్నాయి ఆవాలు.
గుంట ఉలిక్కిపడి
మళ్ళీ నిద్రలోకి జారుకున్నాది.