ముప్పై ఏడో నంబరు

కొచ్కోర్‌లో రాత్రి పదకొండు దాటాకే
కరెంటు నిలకడగా ఉంటుంది.
నా చదువు అప్పుడే.

పగలంతా ఉన్ని.
పరచడం, వేణ్ణీళ్లు పోయడం, సబ్బు రుద్దడం,
రెల్లు చాపలో చుట్టి
నేనూ నుర్జామలూ మోచేతులతో
దొర్లించీ దొర్లించీ దొర్లించీ,
రాత్రయ్యేసరికి వేళ్లు ఉబ్బి, తెల్లబడి
ఫోను నా వేలిముద్రని ఒప్పుకోదు.
నేను నేనేనని దానికి నచ్చజెప్పడంతో
మొదటి పది నిమిషాలూ పోతాయి.

వీడియోలో కుర్రాడు చెబుతాడు:
"మీ కస్టమర్ ఎవరో ఊహించుకోండి. ఒక పేరు పెట్టండి."
పెట్టాను.
ఓస్లోలో ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు.
కిటికీ అవతల మంచు, చేతిలో కాఫీ, ఒళ్లో పిల్లి.
మా అత్త తుర్సునాయ్ పొయ్యిలోకి పిడక తోస్తూ
"ఆమె పాదం ఎంత?" అంది.
అది పాఠంలో లేదు.

మేం చెప్పుల మీద కుట్టేదాన్ని
పొట్టేలు కొమ్ము అంటాం.
ఆ మాట నెలకి ఎంతమంది వెతుకుతారో చూశాను.
సున్నా.
"వెచ్చని ఇంటి చెప్పులు" అని మాత్రం
లక్షా పదివేల మంది.
అత్తకి చెప్పకుండా పేరు మార్చేశాను.
కొమ్ములు అక్కడే ఉన్నాయి, మెలి తిరిగి,
పిలిచినా పలకని పిల్లల్లా.

తర్వాత యాడ్.
గొర్రెని అమ్మిన డబ్బులోంచి ఇరవై డాలర్లు.
బొగ్గు కూడా అంత తొందరగా కాలదు.
దేశాన్ని ఎంచుకునే గడి ఒకటుందట, నేను చూడలేదు.
నా ఉన్ని చెప్పులు నడి జూలైలో
మస్కట్, మనీలా, క్లాంగ్ అన్నీ తిరిగొచ్చాయి.
రెండొందల పదమూడు క్లిక్కులు.
కార్టులో ఒకే జత, అదీ డబ్బు కట్టకుండా.
నుర్జామల్ ఏమీ అనలేదు.
ఇరవై డాలర్లకంటే అదే బరువు.

నాలుగోనాడు ఒక మెసేజ్:
"ఇవి రబ్బరు బూటు లోపల పడతాయా?"

రొహానా. క్లాంగ్ రేవు.
గడ్డకట్టిన చేపల గోదాములో రాత్రి డ్యూటీ.
తలుపుకి ఇవతల ఉక్కపోత, అవతల మైనస్ ఇరవై.
"మా ఇంట్లో ఎవరికీ నా చలి అర్థం కాదు" అని రాసింది.
నాకు అర్థమైంది.
ఓస్లో ఆవిడ కాఫీ చల్లారిపోయింది, పాపం.
పిల్లి ఎటు పోయిందో తెలీదు.

పాదం గీసి పంపమంది అత్త.
చేపల అట్టపెట్టె మూత మీద బాల్‌పెన్నుతో
రెండు పాదాలు వచ్చాయి.
అత్త జేనతో కొలవబోయింది.
వేళ్లు తగలగానే బొమ్మ ఉబ్బింది, కుంచించుకుంది, పక్కకి జారింది.
"కుదురుగా నిలబడు, పిల్లా!" అని
తెరని కసిరింది.
చివరికి ముప్పై ఏడో నంబరు.
ఎడమది కొంచెం వదులుగా.
ఎందుకంటే నిలబడి పనిచేసేవాళ్లకి
సాయంత్రానికి ఒక కాలు పెరుగుతుంది.
ఇదీ పాఠంలో లేదు.

అదే గోదాము నుంచి ఇంకో పదకొండు జతలు అడిగారు.
కుర్రాడి దగ్గర దీనికీ ఏదో పేరు ఉండే ఉంటుంది.
ఈ రాత్రి తొమ్మిదో పాఠం: నమ్మకం పెంచుకోవడం ఎలా.
సగంలో ఆపి పొట్లాలు కడుతున్నాను.
కస్టమ్స్ కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలు చూపించి
ఏం రాశావని అడిగింది అత్త.

"పొట్టేలు కొమ్ము" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లాక
పెన్ను కోసం వెతికాను.
పన్నెండు కాగితాలు.
కిందెక్కడో కాస్త చోటుంది.